గుడి కన్నా ముందు దారి: రాయలసీమ తరగతి గదుల్లో తీర్థయాత్రల పాఠం చెప్పే విధానం

తీర్థయాత్రలను గురించి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు మనలో చాలామందిమి క్షేత్రం దగ్గర మొదలుపెడతాము. మూలవిరాట్టు ఎవరు, స్థలపురాణం ఏమిటి, గోపురం ఎవరు కట్టించారు అని వరుసగా చెప్పుకొంటూ పోతాము. ఇలా మొదలుపెట్టిన పాఠంలో ఆ మతానికి చెందిన పిల్లలు తమకు తెలిసినదే కదా అని వినడం మానేస్తారు. తక్కినవారు ఇది తమకు సంబంధించినది కాదని ఊరుకుంటారు. అందువల్ల ఉన్నత పాఠశాలలోనైనా డిగ్రీ కళాశాలలోనైనా ఈ పాఠాన్ని దారి నుంచి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. యాత్రికుడు ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాడు, ఎవరితో కలిసి నడిచాడు, రాత్రి ఎక్కడ తల వాల్చాడు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు పన్ను వసూలు చేశారు అన్న ప్రశ్నలు ఏ మతంవారినైనా అడగవచ్చు. చరిత్ర, సాహిత్యం, మతం అనే మూడు విషయాలనూ ఒకే పాఠంలో కలపడానికి కూడా ఈ ప్రశ్నలే ఆధారం అవుతాయి.

ప్రభుత్వ పాఠశాలలో ఇటువంటి పాఠం చెప్పవచ్చునా అని కొందరు సందేహిస్తారు. రాజ్యాంగంలోని 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధనను నిషేధించింది. అయితే మతాలను గురించి చదువుకోవడం ఆ నిషేధం కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తరగతిలో ఈ తేడాను పాటించడం కష్టమేమీ కాదు. ‘ఈ కొండ ఎక్కితే పుణ్యం వస్తుంది’ అని ఉపాధ్యాయుడు చెప్పకూడదు. ‘ఈ కొండ ఎక్కితే పుణ్యం వస్తుందని వీరు నమ్ముతారు, ఆ నమ్మకంతో ఇన్ని రోజులు నడుస్తారు’ అని చెప్పవచ్చు. అదే విధంగా ఆ నమ్మకాన్ని వెక్కిరించే అధికారం కూడా ఆయనకు లేదు. మొదటి రోజునే ఈ రెండు మాటలనూ పిల్లలకు చెప్పి, నోటుపుస్తకం మొదటి పుటలో రాయించడం మంచిది.

చరిత్ర భాగాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని మనం వెతుక్కోనవసరం లేదు. గుత్తి నుంచి పత్తికొండకు వెళ్లే దారిలో, జొన్నగిరికి దగ్గరలో ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో ఎనిమిదవది యాత్రలను గురించినదే. పూర్వపు రాజులు వేట మొదలైన వినోదాల కోసం విహారయాత్రలు చేసేవారనీ, తాను పట్టాభిషేకమైన పదేళ్లకు సంబోధికి, అంటే బుద్ధగయకు వెళ్లాననీ, అప్పటి నుంచి తనవి ధర్మయాత్రలయ్యాయనీ అశోకుడు అందులో చెప్పుకొన్నాడు. ఆ యాత్రలలో శ్రమణులను, బ్రాహ్మణులను, వృద్ధులను దర్శించి దానాలు చేయడం, పల్లె ప్రజలను కలిసి మాట్లాడడం ఉండేవని కూడా చెప్పాడు. ఇరవై రెండు వందల ఏళ్లకు పైబడిన మాట మన కర్నూలు జిల్లాలోనే రాతి మీద ఉన్నదంటే పిల్లలు మామూలుగా కన్నా ఎక్కువ శ్రద్ధతో వింటారు.

కర్నూలు, అనంతపురం పిల్లలను ఎర్రగుడికి తీసుకువెళ్లడం సాధ్యమే. వెళ్లే ముందు ఆ శాసనం తెలుగు అనువాదాన్ని తరగతిలో చదివించాలి. అక్కడికి వెళ్లాక బ్రాహ్మీ లిపిని ఎవరూ చదవలేరు కాబట్టి, ముందుగా చదువుకోకపోతే వారికి బండలు తప్ప మరేమీ కనిపించవు. అక్కడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, తరువాతివి కుడి నుంచి ఎడమకూ సాగుతాయి. దీనిని చూపించితే పిల్లలకు సరదాగా ఉంటుంది. ఎండ ముదరక ముందే వెళ్లి రావాలి. రాతి మీద సుద్దతో గానీ నీటితో గానీ అక్షరాలను స్పష్టం చేయాలని ఎవరైనా ప్రయత్నిస్తే గట్టిగా ఆపాలి.

తిరిగి వచ్చాక అడగవలసిన ప్రశ్న ఒకటే: ఒక రాజు తన యాత్రను గురించి రాతి మీద ఎందుకు చెక్కించుకున్నాడు? దీని వెంటనే లుంబిని స్తంభశాసనాన్ని చదివించాలి. పట్టాభిషేకమైన ఇరవై ఏళ్లకు అశోకుడు స్వయంగా అక్కడికి వచ్చి పూజించాడనీ, శాక్యముని బుద్ధుడు పుట్టిన చోటు కాబట్టి ఆ గ్రామానికి బలి అనే పన్నును తీసివేసి, పంటలో ఎనిమిదవ వంతు మాత్రమే కట్టే ఏర్పాటు చేశాడనీ ఆ శాసనం చెబుతుంది. ఇక్కడ యాత్రతో పాటు పన్ను ప్రస్తావన వచ్చింది. పాఠంలో అన్నింటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసిన అంశం ఇదేనని నేను అనుకుంటాను, ఎందుకంటే భక్తిని కొలిచే సాధనం చరిత్రకారుడి దగ్గర లేదు గానీ, డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో చెప్పే ఆధారాలు మాత్రం ఉన్నాయి.

ఈ డబ్బు దారిని కొన్ని ఉదాహరణలతో నడిపించవచ్చు. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి రాజ్యాన్ని ఏలిన మన్సా మూసా 1324లో హజ్‌కు వెళుతూ కైరోలో పంచిన బంగారం వల్ల అక్కడ బంగారం ధరే పడిపోయిందని ఆ కాలానికి దగ్గరలోనే అరబ్బీ రచయిత అల్ ఉమరీ రాశాడు. అక్బరు 1563లో హిందూ యాత్రికుల మీద ఉన్న పన్నును రద్దు చేశాడు. ఈస్టిండియా కంపెనీ తాను పాలించిన ప్రాంతాలలో గయ, ప్రయాగ, పూరీ యాత్రికుల నుంచి పన్ను వసూలు చేస్తూ వచ్చి, 1840లో దానిని మానుకున్నది. తిరుమల దేవస్థానం వ్యవహారాలను కూడా కంపెనీయే చూసుకొంటూ ఉండి, 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. ఈ నాలుగింటినీ నల్లబల్ల మీద రాసి, ‘యాత్రికుడి వల్ల ఎవరికి లాభం కలిగింది, యాత్రికుడికి ఎవరు లాభం కలిగించారు’ అని అడిగితే, తొమ్మిదో తరగతి పిల్లలు కూడా మంచి జవాబులు చెబుతారు. తమ ఊరి తిరునాళ్లలో బొరుగులు, గాజులు అమ్మేవారిని గురించి, అంగళ్లకు వేలం పాట పెట్టడాన్ని గురించి వారే మాట్లాడడం మొదలుపెడతారు.

ఇక్కడి నుంచి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రకు రావడం సులభం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటను మరో భాషలో చెప్పే ఉద్యోగిగా ఉన్న ఆయన 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. మన ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ఉపాధ్యాయులకు ఇంతకన్నా అనువైన గ్రంథం దొరకదు. పుస్తకం మొత్తం చదివించనవసరం లేదు; కడప నుంచి శ్రీశైలం దాకా ఉన్న పుటలు చాలు. పిల్లల చేత ఒక పట్టిక గీయించి, మజిలీ పేరు, నీటి వసతి, అంగళ్లలో దొరికిన సరుకులు, దారి ఎలా ఉన్నది, ఎవరికి ఏమి చెల్లించారు అనే అంశాల కింద వివరాలను నింపించాలి. శ్రీశైల యాత్రికుల నుంచి కందనవోలు (కర్నూలు) నవాబు రాబట్టిన సొమ్మును గురించి ఆయన రాసినచోట తప్పక ఆగాలి. అశోకుడు పన్ను తగ్గించిన చోటునూ, నవాబు పన్ను వేసిన చోటునూ పక్కపక్కన పెట్టి చూపిన తరువాత, ‘అయితే అశోకుడు మంచివాడు, నవాబు చెడ్డవాడు’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఎందరో రాజుల కాలంలోనూ, కంపెనీ కాలంలోనూ క్షేత్రాల రాబడి మీద పాలకుల కన్ను ఉన్నదని గుర్తుచేసి, మతం పేరుతో తీర్పు చెప్పే తొందరను ఆపాలి.

ఈ పుస్తకంతో ఇంకొక పని కూడా ఉన్నది. వీరాస్వామయ్య పల్లకీలో వెళ్లాడు. పల్లకీ మోసిన బోయీలు కూడా శ్రీశైలం చూశారు, కాశీ చూశారు. కానీ వారు రాసిన పుస్తకం ఏదీ మనకు లేదు. అదే మజిలీని బోయీ చెప్పినట్లుగా ఒక పుట రాయమని పిల్లలను అడిగితే, చరిత్ర ఎవరి కలం నుంచి వచ్చిందో వారికి విడిగా బోధించవలసిన పని ఉండదు.

పటం పని ఒక్క పీరియడులో పూర్తవుతుంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని చెప్పే త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం ఊళ్లను పటం మీద గుర్తించమనాలి. వీటిలో సిద్ధవటం కడప జిల్లాలోనే, పెన్న ఒడ్డున ఉన్నది. గుడికి ఇంత దూరంలో ద్వారాలు ఎందుకు ఉన్నాయని అడిగితే, నల్లమల అడవిలోకి ప్రవేశించే దారులు పిల్లలకు పటం మీద వాటంతట అవే కనిపిస్తాయి. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడన్న విషయాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. గోపురం కట్టించినవారి పేర్లు అందరికీ తెలుస్తాయి. మెట్లు కట్టించినవారిని మాత్రం యాత్రికుడి కాళ్లే గుర్తుపెట్టుకుంటాయి.

సాహిత్య పాఠానికి నేను సూచించే వరుస కొంచెం వింతగా తోచవచ్చు. మొదట ప్రవరుడి కథ చెప్పాలి. కడప జిల్లా కోకటం అగ్రహారంతో సంబంధమున్న అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు ఇల్లు కదలని గృహస్థు. కానీ తీర్థయాత్రికులు వచ్చారని వింటే ఎదురేగి ఇంటికి తీసుకువచ్చి, భోజనం పెట్టి, వారు చూసిన చోట్ల వివరాలన్నీ అడిగి తెలుసుకొనేవాడు. సిద్ధుడు ఇచ్చిన పాదలేపం పూసుకొని క్షణంలో హిమాలయానికి వెళ్లాడు; ఆ లేపం మంచులో కరిగిపోగానే తిరిగి వచ్చే దారి లేక చిక్కుకున్నాడు. దారిలో ఒక్క మజిలీ కూడా చేయని యాత్ర కాబట్టి అతడికి తోడెవరూ లేరు, ఆనవాళ్లు ఏవీ లేవు, వెనుకకు నడిచే వీలూ లేదు. ఈ కోణం నుంచి చదివిస్తే, వరూధిని ఘట్టం వరకే పరిమితమైపోయే ఆ పాఠానికి యాత్ర అనే రెండో అర్థం చేకూరుతుంది.

తరువాత అన్నమాచార్యుని బాల్యాన్ని తీసుకోవాలి. తాళ్లపాక నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఇల్లు వదిలి, పాటలు పాడుకొంటూ తిరుమలకు పోతున్న యాత్రికుల గుంపుతో కలిసి నడిచాడని ఆయన మనుమడు చిన్నన్న రాసిన ద్విపద చరిత్ర చెబుతుంది. చెప్పులతోనే కొండ ఎక్కి, మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలితో, అలసటతో సొమ్మసిల్లాడనీ, అలమేలుమంగ కలలో కనిపించి ప్రసాదం పెట్టిందనీ, అప్పుడు ఆమె మీద శతకం చెప్పాడనీ ఆ కథ. చిన్నన్న భక్తితో రాసిన మనుమడని, కాబట్టి ఇది చరిత్రపత్రం వంటిది కాదని పిల్లలకు చెప్పాలి. అయినా ఆకలి, కాళ్ల నొప్పి, కొండ ఎక్కడం, దారిలో తోడు దొరకడం అనేవి అందులో ఎంత సహజంగా ఉన్నాయో చూపించాలి. నడిచి కొండకు వెళ్లిన అనుభవం ఉన్న పిల్లలు ఏ తరగతిలోనైనా ఉంటారు; మోకాళ్ల పర్వతం దగ్గర ఏమవుతుందో వారినే చెప్పనివ్వాలి.

ఆ తరువాత రెండు దేశాల కథామాలికలను కలిపి చెప్పవచ్చు. పద్నాలుగో శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండు కవి జెఫ్రీ చాసర్ రాసిన కాంటర్‌బరీ కథలలో దాదాపు ముప్ఫైమంది యాత్రికులు లండను దగ్గర సదర్క్‌లోని టాబర్డ్ అనే సత్రంలో కలుసుకొంటారు. 1170లో చర్చిలోనే హత్యకు గురైన థామస్ బెకెట్ సమాధిని దర్శించడానికి వారు పోతున్నారు. దారిలో పొద్దు పోవడానికి తలా కొన్ని కథలు చెప్పాలనీ, బాగా చెప్పినవారికి తిరిగి వచ్చాక అందరూ కలిసి విందు పెట్టాలనీ సత్రం యజమాని షరతు పెడతాడు. మన మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడనే యతికి కాశీ దాకా తోడు వచ్చేవాడు ఒక గోపబాలకుడు తప్ప మరొకడు దొరకడు. ఆ పిల్లవాడు చూసిన ప్రతి వింతకూ కథ చెప్పాలన్నది అక్కడి ఒప్పందం. రెండింటిలోనూ కథలు గమ్యాన్ని గురించినవి కావు, దారి వల్ల పుట్టినవి. ఇంగ్లండులో వృత్తులవారు, మతాధికారులు, వీరుడు, మిల్లరు ఒకే గుంపులో చేరి ఒకరినొకరు ఎత్తిపొడుచుకొంటారు. మన కథలో చెప్పేవాడొకడు, వినేవాడొకడు. ఈ తేడాకు కారణం ఏమై ఉంటుందన్న ప్రశ్న డిగ్రీ విద్యార్థులకు సరిపోతుంది. కర్నూలు నుంచి బయలుదేరిన ఒక బస్సులోని యాత్రికులను పాత్రలుగా పెట్టి సొంతంగా మజిలీ కథ రాయమని కూడా అడగవచ్చు. అయితే కులాన్నో, యాసనో నవ్వులపాలు చేసే రాతను అంగీకరించబోమని ముందే చెప్పాలి.

మతాల భాగానికి వచ్చినప్పుడు పోలికల తొందర పనికిరాదు. హజ్‌కూ కాశీయాత్రకూ, వేళాంకణ్ణికీ తిరుమలకూ ‘అన్నీ ఒకటే’ అని చెప్పడం మంచి మనసుతో చేసే తప్పు. హజ్ శక్తి ఉన్న ప్రతి ముస్లిం జీవితంలో ఒకసారి చేయవలసిన విధి. దానికి నిర్ణీతమైన నెల ఉన్నది, రోజులు ఉన్నాయి, జుల్‌హజ్ తొమ్మిదో రోజున అరఫాత్ మైదానంలో నిలబడడం అందులో ముఖ్యమైనది. తిరుమలకు మొక్కుకొని వెళ్లడంలో విధి కన్నా మాట నిలబెట్టుకోవడం పెద్దది. ఉరుసు నాడు కడప పెద్ద దర్గాకు గానీ, పెనుకొండ బాబయ్య దర్గాకు గానీ వెళ్లడం హజ్‌తో సమానమని అక్కడి ముస్లింలు అనరు. కాబట్టి ప్రతి యాత్ర గురించీ ‘తప్పనిసరా, ఇష్టమా, మొక్కా’ అని అడిగించితే తేడాలు స్పష్టపడతాయి. హజ్‌కు వెళ్లి వచ్చిన పెద్దలు కర్నూలు, కడప పట్టణాలలో చాలామంది ఉన్నారు. ముంబయి నుంచి ఓడ ప్రయాణం 1995 దాకా ఉండేది కాబట్టి, ఓడలో వెళ్లినవారు ఇంటిలో ఉంటే వారి మాటలు రాసుకొని రమ్మనవచ్చు.

నార్పల మండలంలోని గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి హిందువులూ ముస్లింలూ కలిసి వెళతారు. ఉగాది నాడు కడప ముస్లింలు దేవుని కడప గుడికి వస్తారు. వీటిని చెప్పేటప్పుడు మనకు ఉపన్యాసం చెప్పాలనిపిస్తుంది, దానిని ఆపుకోవాలి. ఎవరు ఏమి తెస్తారు, ఎవరు ముందు నిలబడతారు, ఎవరు ఏ మాటతో మొక్కుతారు అని గమనించి రాయించడమే మేలు. వేమనను కూడా వదలకూడదు. చిత్తశుద్ధి లేని పూజ ఎందుకని అడిగిన ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉన్నది, అక్కడికీ జనం యాత్రగా వస్తారు. యాత్రలను విమర్శించిన గొంతు కూడా యాత్రల చరిత్రలో భాగమేనని ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు కనిపించలేదు.

బతికి ఉన్న యాత్రికులతో మాట్లాడించడం ఈ పాఠంలో చాలా విలువైన పని. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వేలమంది భక్తులు ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు మీదుగా ఆత్మకూరు దారిలో శ్రీశైలానికి నడిచి వెళతారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడబిడ్డగా, మల్లన్నను అల్లుడిగా భావించి సారె తెచ్చేవారు వారిలో ఉంటారు. దారి పొడవునా అన్నదానాలు, మజ్జిగ పందిళ్లు వెలుస్తాయి. అప్పటికి పదో తరగతి పరీక్షల కాలం వచ్చి ఉంటుంది కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలనే ఈ పనికి ఎంచుకోవాలి. ఊరిలోని పందిళ్ల దగ్గర, పెద్దల తోడుతో మాత్రమే మాట్లాడించాలి. వెంకటాపురం దాటిన తరువాతి అడవి దారి పులుల అభయారణ్యం, అక్కడికి తరగతిని తీసుకువెళ్లకూడదు. యాత్రికుడు కూర్చుని నీళ్లు తాగిన తరువాతనే పలకరించాలి. ‘ఎందుకు వెళుతున్నారు’ అని మొదటే అడిగితే ‘దేవుడి కోసం’ అని ఒక్క మాటలో ముగుస్తుంది. సంచిలో ఏమేమి ఉన్నాయి, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు, కాళ్లకు బొబ్బలు వస్తే ఏమి పూస్తారు, ఈ దారి మొదట ఎవరు చూపించారు అని అడిగితే మిగిలినదంతా వారే చెబుతారు. కన్నడం తెలిసిన పిల్లలు ఆదోని వైపు తరగతులలో ఉంటారు, వారిని ముందుంచాలి. అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు. రాసుకొన్నదానిలో యాత్రికుడి పేరు, ఫోను నంబరు ఉండకూడదు.

మహిమల కథలు ఎదురైనప్పుడు ఏమి చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. మంత్రాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. రాఘవేంద్రస్వామి 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేశారు, అంటే సజీవంగా సమాధిలో ప్రవేశించారు. దత్త మండలాలకు, అంటే కంపెనీ చేతికి వచ్చిన మన రాయలసీమ ప్రాంతానికి కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో మఠం భూముల విషయమై వచ్చినప్పుడు స్వామి బృందావనం నుంచే ఆయనకు కనిపించి మాట్లాడారన్నది ప్రసిద్ధమైన కథ. ‘ఇది జరిగిందా’ అని ఓటు పెట్టించడం వల్ల తరగతి రెండుగా చీలుతుంది తప్ప ప్రయోజనం లేదు. మన్రో ఉన్నాడా, ఆ సంవత్సరాలలో ఇక్కడ పనిచేశాడా, మఠాలకు ఉన్న ఇనాము భూములను కంపెనీ పరిశీలించేదా అన్నవి పత్రాలతో తేల్చగలిగిన ప్రశ్నలు. కనిపించి మాట్లాడారన్నది భక్తుల విశ్వాసం. ఈ రెండింటి మధ్య మూడో ప్రశ్న ఉన్నది: పరాయి మతపు దొర ఒకడు స్వామిని చూశాడని చెప్పుకోవడం వల్ల, భూముల హక్కు అనుమానంలో పడిన కాలంలో మఠానికి ఏమి బలం చేకూరి ఉంటుంది? డిగ్రీ విద్యార్థులు ఈ మూడో ప్రశ్న మీదనే ఎక్కువ పుటలు రాయాలి. ఇటువంటి స్థానిక కథలకు కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రల రాతప్రతులు, మంచి గని. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ప్రచురించింది.

మార్కులు వేసేటప్పుడు భక్తికి గానీ, అవిశ్వాసానికి గానీ మార్కు ఉండకూడదు. ఒక వాక్యం శాసనం నుంచి వచ్చిందా, కావ్యం నుంచి వచ్చిందా, యాత్రికుడి నోటి నుంచి వచ్చిందా అని పిల్లవాడు విడదీసి చెప్పగలిగితే సగం మార్కులు ఇవ్వవచ్చు. మిగిలిన సగానికి నేను సూచించే ప్రశ్న ఇది: ‘మీ ఇంటిలోని పెద్దవారు చేసిన ఒక యాత్రను తీసుకొని, వీరాస్వామయ్య రాసినట్లు మజిలీలవారీగా రాయండి, ఖర్చులను కూడా రాయండి.’ ఏ యాత్రా చేయని ఇళ్లు కూడా ఉంటాయి కాబట్టి, వలస కూలికో, పెళ్లికో వెళ్లిన ప్రయాణాన్ని రాసినా అంగీకరిస్తామని, ఆ ప్రయాణానికీ యాత్రకూ ఉన్న తేడాను చివరి పేరాలో చెప్పాలని ప్రశ్న కిందనే స్పష్టంగా రాయాలి.